గాలి మనిషి

"ఇప్పుడే తీసెయ్. నా ఎదురుగా, ఈ పొయ్యి దగ్గరే నిలబడి ఫోన్ చేసి తీసెయ్."

సగిన్ ఫోన్‌ని భార్య ముఖం ముందు చాపి పట్టుకున్నాడు. అనార్కుల్ చేతులు మోచేతుల దాకా పిండిలో ఉన్నాయి. చావింటికి ఉత్త చేతులతో వెళ్లకూడదని, నూనెలో వేయించే రొట్టె ముక్కల కోసం పొద్దున్నే పిండి కలపడం మొదలుపెట్టింది. ఇప్పుడు ఆ రొట్టెలు పట్టుకుని ఆ గుమ్మం ఎలా ఎక్కాలో ఆమెకే తెలియడం లేదు.

"చేతులు కడుక్కోనివ్వండి."

"కడుక్కో. నీకేం తొందర? నిన్నంతా ఫోన్ ఆపేసుకుని ఏటి ఒడ్డున కూర్చుని వచ్చావుగా."

"కూర్చోలేదు. నలభై గొర్రెల ఉన్ని ఉతికాను."

"అదే, ఆ ఉన్ని ఉతికే రోజునే బాత్మా అమ్మమ్మ పోవాలని రాసిపెట్టి ఉంది మన ఖర్మకి."

అత్తగారు బురుల్ కిటికీ పక్కన కూర్చుంది. నెత్తిమీద తెల్లగుడ్డ కూడా విప్పలేదు. రాత్రంతా చావింట్లో ఉండి, ఇందాకే వచ్చింది. వచ్చిన దగ్గర్నుంచి ఆవిడ అన్నది ఒక్కటే మాట.

"బాత్మాని నీలం ప్లాస్టిక్ పట్టా కింద పడుకోబెట్టారు."

ఆ తర్వాత ఎవరెంత అడిగినా నోరు మెదపలేదు.

మా కొచ్కోర్ ఊళ్లో మనిషి పోతే నాలుగు గోడల మధ్య ఉంచం. వాకిట్లో ఉన్ని ఇల్లు లేపుతాం. కర్రల చట్రం మీద ఉన్ని కంబళ్లు కప్పి తాళ్లతో బిగించిన గుండ్రటి ఇల్లు. అందులో పడుకోబెట్టి, రెండు మూడు రోజులు లోపల ఆడవాళ్లం, బయట మగవాళ్లు ఏడ్చి, అప్పుడు సాగనంపుతాం. పెళ్లికైనా ఆ ఇల్లే. వెనకటికి ఎవరి ఇల్లు వాళ్లకుండేది. ఇప్పుడు ఊరు మొత్తానికి అద్దెకిచ్చేది అనార్కుల్ ఒక్కతే. ఆమె దగ్గర ఉన్నవి రెండు.

ఊరందరికీ అమ్మమ్మైన బాత్మా పోయింది గురువారం మధ్యాహ్నం. పెద్దకొడుకు తోక్తోసున్ వెంటనే అనార్కుల్ నంబరుకి ఫోన్ చేశాడు. ఎత్తింది మాత్రం అనార్కుల్ కాదు. కొండలకి అవతల, ఓష్ పట్నంలో తన ఇంట్లో కూర్చున్న పెరిజాత్. నెల రోజులుగా అనార్కుల్‌కొచ్చే ఫోన్లన్నీ ఆ అమ్మాయే ఎత్తుతోంది, తారీఖులు ఆ అమ్మాయే రాస్తోంది. ఒకరి మొహం ఒకరు ఫోన్‌లో తప్ప చూసుకోలేదు. ఇలాంటివాళ్లని వర్చువల్ అసిస్టెంట్ అంటారట. సగిన్ పెట్టిన పేరు గాలి మనిషి.

గాలి మనిషి తోక్తోసున్‌కి మాట చెప్పి ఊరుకోలేదు, మెసేజ్ కూడా పెట్టింది. సగిన్ ఇప్పుడు దాన్ని నాలుగోసారి చదువుతున్నాడు.

"'మీ దుఃఖంలో మేమూ పాలుపంచుకుంటున్నాం. మా రెండు ఇళ్లూ ఆదివారం దాకా ఖాళీ లేవు. సోమవారం ఇవ్వగలం. రాసుకోమంటారా?' సోమవారమట! రేపు మధ్యాహ్నం మట్టి చేస్తుంటే, సోమవారం దాకా ముసలమ్మని ఏం చెయ్యమంటుంది, కూర్చోబెట్టమంటుందా?"

"అరవకండి. అత్తమ్మ నిద్రలేకుండా ఉంది."

"అమ్మ నిద్ర ఇవాళేనా నీకు గుర్తొచ్చింది? ఫోనెత్తడం ఎంత పని అసలు? పదేళ్లు ఎత్తావు. ఇప్పుడేమొచ్చింది? నాకియ్యి, నేనెత్తుతా. నోరుంది, చెవులున్నాయి, ఇంకేం కావాలి?"

అనార్కుల్ చేతులు కడుక్కుంది. ఎడమ అరచేతిలో కుట్లు వేసిన గీత ఇంకా ఎర్రగానే ఉంది. చెవికీ భుజానికీ మధ్య ఫోన్ ఇరికించుకుని, ఎవరికో పెళ్లి తారీఖు చెబుతూ, ఉన్ని కత్తెరతో తన చెయ్యి తనే కోసుకున్న రోజున ఆమె ఈ గాలి మనిషిని పెట్టుకుంది. ఆ సంగతి సగిన్‌కి గుర్తు లేక కాదు. కోపంలో ఉన్నవాడికి గుర్తు చేసే ఓపిక ఆమెకి లేదు.

తడిచేత్తోనే ఫోన్ తీసుకుని, పెరిజాత్‌కి తను రాయించిన నియమాలు తెరిచింది. మొత్తం ఏడు. మూడో దాని దగ్గర వేలు ఆగింది.

"ఏంటది?" సగిన్ మెడ చాచి చూశాడు. చదవడం మొదలుపెట్టాడు. "'ఒకసారి తారీఖు రాశాక ఎవరడిగినా మార్చొద్దు. జిల్లా పెద్ద అడిగినా మార్చొద్దు. మా ఆయన అడిగినా...'"

ఆగిపోయాడు.

"'...అసలు మార్చొద్దు,'" అని మిగతాది అనార్కుల్ చదివింది. "పోయినేడు మీరు మీ స్నేహితులకి మూడుసార్లు ఇల్లు ఇచ్చేసి, నేను పెళ్లివాళ్ల కాళ్లు పట్టుకోవాల్సొచ్చింది. అందుకని రాయించాను. ఆ అమ్మాయి నేను చెప్పిందే చేసింది."

"చావుకి కూడానా?"

"చావు వస్తే ఎవరి తారీఖైనా పక్కకి జరుగుతుందని మన ఊళ్లో చంటిపిల్లకి కూడా తెలుసు. అందుకే నేను నోటితో ఎప్పుడూ అనలేదు. తప్పు నాది."

"నీదా, ఆ పిల్లదా, నాకనవసరం. తోక్తోసున్ మా అమ్మకి టీ ఇచ్చి, తల ఎత్తి మొహం కూడా చూడలేదట. ఊరు ఊరంతా ఇవాళ ఆ నీలం పట్టా కింద నుంచి నడిచి వెళ్తుంది. కాఫీ కొట్టు వాళ్ల పట్టా! రేపట్నుంచి మనకెవడు ఫోన్ చేస్తాడు?"

ఇది నిజం. ఇంకో నిజం అంతకంటే బరువుగా ఉంది. ఇప్పుడు అద్దెకి తిరుగుతున్న ఆ తెల్ల ఇంటి కంబళ్లు బాత్మా చేసినవే. పన్నెండేళ్ల కిందట ఎండల్లో, వేడినీళ్లు చల్లుతూ, మోచేతులతో ఒత్తుతూ, పక్కన అనార్కుల్‌ని కూర్చోబెట్టుకుని పని నేర్పుతూ చేసింది. అలాంటి మనిషి ప్లాస్టిక్ కింద పడుకుని ఉంది.

ఆమె పెరిజాత్ నంబరు నొక్కి, ఫోన్ బల్లమీద పెట్టింది. సగిన్ కూడా విననీ అనుకుంది.

మొదటి గంటకే ఎత్తింది.

"అక్కా. తెల్లవారుజాము నుంచి ఫోన్ చేతిలోనే పెట్టుకుని కూర్చున్నా. తిట్టండి."

"తిట్టడానికి టైము లేదు. తల్లి పోయిందని తోక్తోసున్ అన్నయ్య చెప్పాడా, లేదా?"

"చెప్పారు. నేనూ మనసారా ఓదార్చాను."

"ఓదార్చి సోమవారం రమ్మన్నావు."

"అక్కా, మా వైపు పొద్దున పోతే పొద్దు గుంకేలోపు మట్టి చేసేస్తారు. చావుకి ఇల్లు లేపడం మా వీధుల్లో నేనెప్పుడూ చూడలేదు. ఆయన అడుగుతున్నది ఏడో రోజు భోజనాలకనుకున్నా. ఏడో రోజు బుధవారం వస్తుంది కదా, సోమవారమిస్తే రెండ్రోజులు ముందే ఇచ్చినట్టని సంబరపడ్డాను కూడా."



"తెలియకపోతే అడగాలి కదా," అంది అనార్కుల్.

"ఎవర్ని అడగను? నా మాట విని ఆయన సరే అని కూడా అనలేదు, ఫోన్ పెట్టేశారు. అప్పుడు గుండె గుభేలుమంది. తొమ్మిదిసార్లు మీకు చేశాను. ఇల్లు తగలబడితే తప్ప గురువారం నన్ను పిలవొద్దన్నారు, తీరా పిలిస్తే ఫోనే ఆపేసి ఉంది. మీ ఆయనకి చేద్దామంటే, ఆయన మాట అసలు వినొద్దని మీరే రాయించారు."

"ఆయన ఇక్కడే ఉన్నాడు."

పొయ్యి మీద నీళ్లు మరుగుతున్నాయి. ఎవరూ లేచి దించలేదు.

"నమస్కారం బావగారూ," అంది పెరిజాత్, చాలా చిన్నగా.

సగిన్ గోడ వైపు తిరిగాడు.

"అక్కా, నేను మీకు సరిపోనేమో." ఆ పిల్ల గొంతు వణకలేదు. ఏడ్చి ఏడ్చి ఇప్పుడు ఏడుపు అయిపోయినట్టుంది. "ఇక్కడి తోలుచెప్పుల కొట్టుకీ, పంటి డాక్టరుకీ ఇదే పని చేస్తున్నా. వాళ్లు ఏం చెప్తే అది రాస్తా, అది చాలు. మీ పని అలాంటిది కాదు. మీరు చెప్పేదానికంటే చెప్పనిది ఎక్కువ. నంబరు మీకే తిప్పేస్తాను. ఇంకెవరికీ ఇలా జరక్కూడదు."

సగిన్ ఇటు తిరిగి తల గట్టిగా ఊపాడు. ఒప్పుకో, ఇంకేం కావాలి అన్నట్టు.

అనార్కుల్ ఒప్పుకోవచ్చు. ఒప్పుకుంటే సాయంత్రానికి ఊళ్లో చెప్పుకోవడానికి ఒక మాట ఉంటుంది, ఆ పిల్లని తీసేశాం అని. సగం అవమానం ఆ పిల్ల పేరు మీద పోతుంది. నిన్న ఏట్లో మోకాళ్ల దాకా దిగి ఉన్ని ఉతుకుతుంటే ఆమెకి పాట వచ్చింది. మూడేళ్ల తర్వాత మొదటిసారి. ఆ పాట కూడా పోతుంది.

"మానేసే సంగతి తర్వాత," అంది. "ఇవాళ పనుంది. నా ఇళ్లు ఎక్కడున్నాయో చెప్పు."

"రెండోది నిన్ననే బావగారు సోన్‌కుల్ సరస్సు దగ్గర టూరిస్టులకి లేపొచ్చారు. దించి తేవాలంటే రాత్రవుతుంది. తెల్లది బుధవారం నుంచి జుమగుల్ గారి వాకిట్లో ఉంది. రేపు పెళ్లి. పన్నెండింటికి కోడలు దిగుతుంది."

"సరే. లైన్లో ఉండకు. నేను పిలుస్తా."

ఫోన్ పెట్టేసి తలగుడ్డ బిగించుకుంది.

"ఎక్కడికి?" అన్నాడు సగిన్.

"జుమగుల్ ఇంటికి. లారీ తియ్యండి."

"పెళ్లి వాకిట్లో ఇల్లు విప్పుతావా? నీకు మతి ఉందా? జుమగుల్ మన మీద పడి పీకుతుంది."

"పీకనివ్వండి."

వాళ్లిద్దరూ బయటికొచ్చేసరికి బురుల్ అప్పటికే లారీ ముందు సీట్లో ఎక్కి కూర్చుని ఉంది.

జుమగుల్ వాకిట్లో తెల్ల ఇల్లు ఎండలో మెరుస్తోంది. లోపల కొత్త కోడలి కోసం ఎర్ర కుట్టుపని తెర కట్టేసి ఉంది. పిల్లలు లోపలికీ బయటికీ పరుగులు పెడుతున్నారు. జుమగుల్ క్యారెట్లు తరుగుతున్న కత్తితోనే ఎదురొచ్చింది.

"ఏంటొదినా, ముగ్గురూ కట్టకట్టుకుని వచ్చారు? పెళ్లి రేపు కదా, ఇవాళ్టి భోజనం నేను వండలేదు."

"ఇల్లు విప్పడానికొచ్చాం, జుమగుల్."

జుమగుల్ నవ్వింది. ఎవరూ నవ్వలేదని చూసి ఆపేసింది.

"బాత్మా అమ్మమ్మ కోసం," అంది అనార్కుల్.

"తెలుసు. నిన్న వెళ్లి ఏడ్చొచ్చాను. ఆ నీలం పట్టా చూసి నాకూ ప్రాణం ఉసూరుమంది. అయితే? నా కోడలు రేపు ఎక్కడ దిగాలి, కోళ్లగూట్లోనా?"

"వేరే ఇల్లు తెప్పిస్తాను."

"ఎక్కడ్నించి? ఇది పెళ్లిళ్ల కాలం. ఈ లోయలో ఖాళీగా ఉన్న తెల్ల ఇల్లు ఒక్కటి చూపించు. ఇదే తీసుకెళ్లి రేపు తెస్తానంటే మాత్రం ఒప్పుకోను. చావింట్లో లేపిన ఇంట్లో నా కోడల్ని తెర వెనక కూర్చోబెట్టను, ముందే చెప్తున్నా."

"ఇది తేను. వేరేదే తెస్తాను."

జుమగుల్ కత్తిని కొంగుకి తుడిచి, జేబులోంచి ఫోన్ తీసింది. "ఇదిగో, మీ ఓష్ అమ్మాయి నాకు రాసింది. 'మీ తారీఖు ఖాయం. ఎవరడిగినా మార్చబడదు.' మూడు వారాల ముందే రాయించుకున్నా. ఎవరడిగినా అంటే ఎవరడిగినా అనే కదా?"

"మా గాలి మనిషి తెలివి అంతే లెండి," అని సగిన్ మొదలుపెట్టాడు. "అది ఎక్కడో కూర్చుని..."

"మీరు ఊరుకోండి." అనార్కుల్ ఆయన వైపు చూడను కూడా లేదు. "ఆ మాట నాది జుమగుల్. నేను చెప్తే తను రాసింది. పోయినవాళ్లు కూడా అడుగుతారని అప్పుడు నాకు తట్టలేదు. ఇప్పుడు నా మాట నేనే వెనక్కి తీసుకుంటున్నా. తిట్టాలనుంటే నన్నే తిట్టు."

జుమగుల్ తిట్టింది. వాటిని ఇక్కడ రాయక్కర్లేదు, మా ఊరివాళ్లకి అవన్నీ తెలిసినవే. అనార్కుల్ నిలబడి వింది. ఒక్క అడుగూ వెనక్కి వెయ్యలేదు.

ఆ తిట్ల మధ్యే బురుల్ తెల్ల ఇంటి చుట్టూ నడుస్తోంది. కంబళి మీద అరచెయ్యి ఆనించి, మెల్లగా, ఏదో వెతుకుతున్నట్టు. వెనక వైపు ఒక చోట ఆగింది.

"ఈ అతుకు బాత్మా వేసింది," అంది. ఆ ఉదయం ఆవిడ అన్న రెండో మాట అదే. "నిప్పురవ్వ పడి కాలితే వేసింది. దారం సరిపోకపోతే తన చొక్కా అంచు విప్పి ఆ దారంతో కుట్టింది. నేను పక్కనే ఉన్నాను."

పిల్లలు కూడా ఆగి చూస్తున్నారు.

బురుల్ వంగి, నడికట్టు తాడు ముడి పట్టుకుని లాగింది. డెబ్బై ఆరేళ్ల వేళ్లు. ముడి బిగుసుకుపోయింది. మళ్లీ లాగింది. సగిన్ ముందుకెళ్లబోతే అనార్కుల్ చెయ్యి అడ్డం పెట్టింది.

జుమగుల్ అది చూసి కత్తి కిందపెట్టింది.

"అలా లాగితే రాదు పెద్దమ్మా," అని పక్కకొచ్చి, తనే వంగి ముడి విప్పింది.

తాడు జారి కిందపడింది. జుమగుల్ లేచి అనార్కుల్ మొహంలోకి చూసింది. కళ్లలో నీళ్లున్నాయి, గొంతులో మాత్రం లేవు.

"రేపు పదింటికల్లా ఈ వాకిట్లో తెల్ల ఇల్లు ఉండాలి. లేకపోతే నా కొడుకు పెళ్లి గురించి ఊరు ఎన్నేళ్లు చెప్పుకుంటుందో, అన్నేళ్లూ నీ పేరు పెట్టి నేనూ చెప్తా. అన్నీ దొరకబుచ్చుతుందటగా మీ ఓష్ పిల్ల, దాన్నే దొరకబుచ్చమను."

సగిన్, పెళ్లికొడుకు కలిసి కంబళ్లు దించుతుంటే అనార్కుల్ లారీ పక్కకి వెళ్లి ఫోన్ చేసింది.

"పెరిజాత్, తెల్ల ఇల్లు కావాలి. రేపు పదింటికి, జుమగుల్ వాకిట్లో. ఈ లోయలో దొరకదు, పక్క లోయలు చూడు. నేను చావింటికి వెళ్తున్నా. అక్కడ నీతో మాట్లాడలేను. ఏం నిర్ణయించాలన్నా నువ్వే నిర్ణయించు."

"నేనా? నిన్న నేను నిర్ణయిస్తే ఏమైందో చూశారుగా."

"నిన్న నువ్వు నిర్ణయించలేదు, నా నియమం నిర్ణయించింది. ముందు ఆ మూడోది కొట్టెయ్. దాని బదులు రాసుకో. చావు వస్తే తారీఖు లేదు. ఎవరి పెళ్లైనా, ఎవరి పండగైనా, ముందు చావుకి."

టకటకా కొట్టుకుంటున్న చప్పుడు వినిపించింది.

"రాశాను. ఇలాంటివి నాకు తెలియనివి ఇంకా ఎన్నున్నాయి అక్కా?"

"నాకేం తెలుసు? నాకు అన్నీ తెలిసినవే కదా, అందుకే ఏది నీకు తెలియదో నాకు తట్టదు. నువ్వు అడుగుతుండాలి. పిచ్చి ప్రశ్న అనిపించినా అడగాలి."

"మీరు ఫోన్ ఆపేస్తే?"

"పని చూడు," అని అనార్కుల్ పెట్టేసింది.

తోక్తోసున్ వాకిట్లో లారీ ఆగేసరికి మగవాళ్లు చావింటి ఆనవాయితీగా నడుములకి గుడ్డలు కట్టుకుని, కర్రల మీద వాలి వరుసగా నిలబడి ఉన్నారు. లారీలో కంబళ్లు చూసి ఇద్దరు ముగ్గురు కదిలారు. తోక్తోసున్ కదల్లేదు.

అనార్కుల్ ఎవరి మొహమూ చూడకుండా మొదటి చట్రం తనే దించింది. ఆడది దించుతుంటే మగవాళ్లు ఊరుకుంటారా, నలుగురొచ్చి పట్టుకున్నారు. గోడలు నిలిచాయి. పైకప్పు చక్రాన్ని ఎత్తి పట్టుకోవాల్సి వచ్చినప్పుడు ఒక్క క్షణం అందరూ ఆగారు. అది ఇంటి పెద్ద చెయ్యి పెట్టాల్సిన పని. తోక్తోసున్ కర్రని పక్కవాడి చేతికిచ్చి, వచ్చి, చక్రాన్ని పైకి ఎత్తాడు.

మధ్యాహ్నం ఒంటిగంటకల్లా నీలం పట్టా మడిచి పక్కన పడేశారు. బాత్మాని తెల్ల ఇంట్లోకి తీసుకెళ్లి కుడివైపున, ఆడవాళ్లుండే వైపు పడుకోబెట్టారు. తను ఒత్తిన ఉన్ని కింద, తన అతుకు కింద.

అప్పుడు తోక్తోసున్ అనార్కుల్ దగ్గరికొచ్చాడు.

"అన్నయ్యా..." అంది ఆమె.

"నన్ను చెప్పనియ్యి అమ్మాయ్." ఆయన గొంతు ఏడ్చి బొంగురుపోయింది. "ఈ ఊళ్లో ఎవరికేమైనా ముందు నీకు ఫోన్ చేసేవాళ్లం. ఇంటి కోసమే కాదు. నువ్వు ఎత్తి అయ్యో అనేదానివి. మా అమ్మ పోయిందని లోకంలో మొదట చెప్పింది నీకే అనుకున్నా. ఎవరో అమ్మాయి ఎత్తింది. చాలా మర్యాదగా మాట్లాడింది. అంత మర్యాద మేం పడలేం."

అనార్కుల్ తల దించుకుంది. సగిన్ తిట్టినప్పుడు రాని నీళ్లు, జుమగుల్ తిట్టినప్పుడు రాని నీళ్లు ఇప్పుడొచ్చాయి. తుడుచుకోలేదు.

"చావు కబురు ఇక నా చెవికే వస్తుంది అన్నయ్యా. అర్ధరాత్రయినా, ఏట్లో ఉన్నా. ఆ ఫోన్ ఇంక ఎప్పుడూ ఆపను."

"మిగిలినవి?"

"మిగిలినవి ఆ పిల్లే చూస్తుంది. దాన్ని తీసెయ్యను. తప్పు నాది, దాని మీద తోసి నేను తప్పించుకోను."

"నీ ఇష్టం," అని తోక్తోసున్ కర్ర తీసుకుని వరుసలోకి వెళ్లిపోయాడు. క్షమించాడో లేదో ఆ రెండు మాటల్లో ఆమెకి తెలియలేదు.

సగిన్ పక్కనే నిలబడి అంతా విన్నాడు. "అంటే తీసెయ్యవా?" అన్నాడు.

"తీసెయ్యను."

ఇంతలో ఆమె జేబులో ఫోన్ మోగింది. నెల తర్వాత మొదటిసారి, కొత్త నంబరు నేరుగా ఆమెకే. పెరిజాత్ ఎత్తాల్సింది ఇటెందుకొచ్చింది? పిల్ల నిజంగానే మానేసిందా? తెల్ల ఇంట్లోంచి ఆడవాళ్ల ఏడుపు లేచింది. గుమ్మంలో బురుల్ నిలబడి, రా అన్నట్టు చెయ్యి ఊపింది.

ఫోన్ మోగుతూనే ఉంది.

అనార్కుల్ దాన్ని తీసి సగిన్ చేతిలో పెట్టింది.

"నేనేం చెప్పను?" అన్నాడు కంగారుగా.

"నోరుంది, చెవులున్నాయిగా," అని లోపలికి వెళ్లిపోయింది.

లోపల ఆమె ఒక గంటసేపు ఏడ్చింది. బాత్మా కోసం ఏడ్చింది, నీలం పట్టా కోసం ఏడ్చింది, ఎత్తని ఫోన్ కోసం ఏడ్చింది. గుండెలో ఏమీ మిగలకుండా ఏడ్చి, బయటికొచ్చింది.

సగిన్ లారీ మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. ముందు సిగరెట్ పెట్టె చింపి పరిచి ఉంది, దాని నిండా అంకెలు, కొట్టివేతలు. చెవి ఎర్రగా కందిపోయింది.

"పదకొండు మంది," అన్నాడు. "ఒకావిడకి పెళ్లికి ఇల్లు కావాలి, ఏ తారీఖో చెప్పదు, అల్లుడి గురించి మాత్రం పావుగంట చెప్పింది. ఒకడెవడో పరదేశి, ఏ భాషో తెలీదు, నేను సరే సరే అంటే వాడూ సరే సరే అన్నాడు. ఇంకొకడు మనవాడే, పాత స్నేహితుడు. ఆదివారం ఒక్క పూట ఇల్లిమ్మన్నాడు. సరేలే అన్నాను."

"ఆదివారం ఏ ఇల్లు?"

సగిన్ సిగరెట్ పెట్టె వైపు చూశాడు. సోన్‌కుల్ వైపు కొండలు చూశాడు. తెల్ల ఇంటి వైపు చూశాడు. మొహం మెల్లమెల్లగా పాలిపోయింది.

"ఆ పిల్ల మళ్లీ ఫోన్లు ఎప్పట్నుంచి ఎత్తుతుంది?" అన్నాడు.

అనార్కుల్‌కి నవ్వొచ్చేది, ఇంకెక్కడైనా అయితే. ఫోన్ తీసుకుని చూసింది. పన్నెండున్నరకి పెరిజాత్ పెట్టిన మెసేజ్ ఉంది. భయపడుతూ తెరిచింది.

"అక్కా, మీ పక్క లోయలో, చాయెక్‌లో తెల్ల ఇల్లు దొరికింది, నలభై మూడో ఫోన్‌కి. వాళ్లు ఒక్కటే అన్నారు, గొంతు విని ఇల్లివ్వం, మనిషి రావాలి అని. అందుకని బయల్దేరాను. మా పాపని మా అమ్మ దగ్గర దింపాను. దార్లో కొండల మీద సిగ్నల్ ఉండదు, అందుకే నంబరు మీకు తిప్పాను, మానేసి కాదు. రాత్రికి చాయెక్ చేరతాను. పొద్దున లారీలో ఇంటితోపాటు వస్తాను. పెళ్లింట్లో ఇల్లు అప్పజెప్పి, మట్టి వేళకి అమ్మమ్మ దగ్గర ఉంటాను. నేను మీకు సరిపోతానో లేదో నన్ను చూశాక తేల్చుకోండి. మీరు నాకు సరిపోతారో లేదో నేనూ చూశాకే తేల్చుకుంటాను."

ఆమె రెండోసారి చదివింది.

"ఏంటి? దొరికిందా ఇల్లు?" అన్నాడు సగిన్.

"దొరికింది. ఆ పిల్ల కూడా వస్తోంది. రేపు పొద్దున."

"ఇక్కడికా? ఓష్ నుంచా?" సగిన్ లేచి నిలబడ్డాడు. "తోక్తోసున్‌కి క్షమాపణ చెప్పడానికా?"

అనార్కుల్ ఫోన్‌ని జేబులో పెట్టుకుంది. ఇప్పటిదాకా తను ఒకర్ని పనిలో పెట్టుకోవాలా వద్దా అనే ఆలోచించింది. తన దగ్గర ఒకరు పని చెయ్యగలరా అని ఎవరూ అడగలేదు, తనని తనూ అడగలేదు.

"కాదు," అంది. "నేను పనికొస్తానో లేదో చూడ్డానికి."